వందలో ఎన్ని? అట్రాసిటీ కేసుల శాతాలను ఎలా చదవాలి

అట్రాసిటీ చట్టం మాట ఎక్కడ వచ్చినా, టీవీ చర్చలోనైనా ఊళ్లో టీకొట్టు దగ్గరైనా, ఎవరో ఒకరు తప్పకుండా ఈ మాట అంటారు: "నూటికి డెబ్బై పైగా కేసులు కోర్టుల్లో నిలబడటం లేదు. అంటే అవన్నీ తప్పుడు కేసులేగా!" అన్నవాళ్లలో ఎక్కువమంది ఏ నివేదికా చూసి ఉండరు. అయినా ఆ అంకె కట్టుకథ కాదు. ప్రభుత్వ పట్టికల నుంచే వచ్చింది. పోలీస్ స్టేషన్ రికార్డులో మొదలై, రాష్ట్ర రాజధాని మీదుగా ఢిల్లీ చేరి, ఒక నివేదికలో లెక్కగా మారి, చివరికి సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కింది. ఈ దారిలో ఏమేం రాలిపోయాయో అడిగినవాళ్లు తక్కువ.

దేశమంతటా ఉన్న లక్షల కేసు ఫైళ్లను ఎవరూ చదవలేరు. అందుకే వాటిని పట్టికగా, పట్టికను ఒక శాతంగా కుదిస్తారు. కుదించడం అవసరమే. కాకపోతే ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్నది కుదించేవాళ్లు నిర్ణయిస్తారు. అట్రాసిటీ కేసుల్లో ఆ నిర్ణయాల భారం దాదాపు ప్రతిసారీ ఫిర్యాదు చేసిన మనిషి మీదే పడుతోంది. కాబట్టి ఈ అంకెలను వాడే మనం, అంటే కార్యకర్తలు, లాయర్లు, విలేకరులు, అవి ఎలా తయారవుతాయో తెలుసుకోవాలి.

తీర్పులోకి ఎక్కిన అంకె

2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయెల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దుర్వినియోగం అవుతోందని చెప్పడానికి అందులో కొన్ని ప్రభుత్వ లెక్కలను ప్రస్తావించింది. 2016లో పోలీసు దర్యాప్తులో ఎస్సీలకు సంబంధించిన 5,347 కేసులు, ఎస్టీలకు సంబంధించిన 912 కేసులు తప్పుడువని తేలాయి అన్నది ఒకటి. 2015లో కోర్టులు తేల్చిన 15,638 కేసుల్లో 11,024 కేసుల్లో నిందితులు విడుదలయ్యారు, 495 కేసులు ఉపసంహరించుకున్నారు, 4,119 కేసుల్లో మాత్రమే శిక్ష పడింది అన్నది రెండోది.

ఆ తీర్పు చట్టానికున్న పదును తీసేసింది. ఎఫ్‌ఐఆర్‌కు ముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ జరపవచ్చంది. ప్రభుత్వోద్యోగిని అరెస్టు చేయాలంటే నియామక అధికారి అనుమతి, మిగతావాళ్లను అరెస్టు చేయాలంటే జిల్లా ఎస్పీ స్థాయి అధికారి అనుమతి కావాలంది. ముందస్తు బెయిలు మీద చట్టం పెట్టిన నిషేధాన్ని సడలించింది. ఆ ఏడాది ఏప్రిల్ 2న దేశవ్యాప్త బంద్ జరిగింది. మధ్యప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాల్లో పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆగస్టులో పార్లమెంటు చట్టంలో 18ఏ సెక్షన్ చేర్చి, ప్రాథమిక విచారణ, అరెస్టుకు ముందస్తు అనుమతి అక్కర్లేదని తేల్చింది. 2019 అక్టోబర్ 1న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత ఆదేశాలను వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు 18ఏ సెక్షన్‌ను సమర్థించింది.

చట్టం తిరిగి నిలబడింది. కానీ ఆ శాతం మాత్రం చలామణిలోనే ఉంది. ముందు దాన్ని విప్పి చూద్దాం.

హారం అడగాలి

బడిలో భిన్నాలు నేర్చుకున్నప్పుడు పైన లవం, కింద హారం అని చెప్పారు. శాతం చెప్పేవాళ్లు సాధారణంగా లవం గురించే మాట్లాడతారు. అసలు సంగతి హారంలో ఉంటుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ పట్టికల్లో శిక్షల శాతం అంటే, ఆ ఏడాది విచారణ పూర్తయిన కేసుల్లో ఎన్నింటికి శిక్ష పడింది అని. ఆ ఏడాది నమోదైన కేసులు దీనికి హారం కావు. కోర్టుల్లో ఉన్న మొత్తం కేసులు కూడా కావు. పైన చెప్పిన 15,638 అలాంటి హారమే. అవి 2015లో ముగిసిన కేసులు. వాటిలో చాలా వరకు అంతకు ఎన్నో ఏళ్ల ముందు పెట్టినవి.

2021 లెక్క చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఏడాది ఎస్సీలపై నేరాల కేసులు 2,63,512 కోర్టుల్లో విచారణకు ఉన్నాయి. ఏడాది చివరికి 96 శాతం అలాగే పెండింగ్‌లో మిగిలాయి. శిక్షల శాతం సుమారు 36. ఈ రెండు అంకెలూ ఒకే నివేదికలో ఉన్నా, వార్తల్లో పక్కపక్కన కనిపించడం అరుదు. పక్కన పెట్టి చదివితే వచ్చే చిత్రం ఇది: కోర్టు గుమ్మం ఎక్కిన ప్రతి 100 కేసుల్లో ఆ ఏడాది ముగిసినవి నాలుగు. ఆ నాలుగింటిలో శిక్ష పడినవి ఒకటిన్నర. నిందితులు బయటపడినవి రెండున్నర. మిగతా 96 కేసుల్లో బాధితులు ఇంకా వాయిదాలకు తిరుగుతున్నారు.

"నూటికి డెబ్బై తప్పుడు కేసులు" అనేవాళ్లు 100లో ముగిసిన ఆ నాలుగు కేసులను చూపించి మొత్తం 100 గురించి తీర్పు చెబుతున్నారు.

చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో, వీలైనంతవరకు, విచారణ ముగియాలి. అందుకోసమే ప్రత్యేక కోర్టులు పెట్టాలన్నారు. 2022 సంవత్సరానికి కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చిన నివేదిక ప్రకారం, 14 రాష్ట్రాల్లోని 498 జిల్లాలకు గాను ఇలాంటి ప్రత్యేక కోర్టులు 194 జిల్లాల్లోనే ఉన్నాయి. 96 శాతం పెండింగ్‌కు ఒక ముఖ్య కారణం ఇక్కడుంది. ఈ నివేదికలోనే శిక్షల శాతం 2020లో 39.2 నుంచి 2022లో 32.4కు పడిపోయిందని ఉంది. పత్రికల్లో ప్రచారం పొందింది ఆ 32.4. కోర్టుల లెక్క లోపలి పేరాల్లో ఉండిపోయింది.

కొట్టేసిన కేసు, తప్పుడు కేసు ఒకటేనా?

చుండూరు మనకు తెలిసిందే. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో, ఇప్పుడది బాపట్ల జిల్లా, ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. అట్రాసిటీ చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి ఏడాదిన్నర. బాధితులు పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు శిక్ష వేసింది. అప్పటికి 16 ఏళ్లు గడిచాయి. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందంటూ అందరినీ విడుదల చేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి.

ఇప్పుడు ఈ కేసును ఎన్‌సీఆర్‌బీ పట్టికలో పెట్టి చూడండి. ఎనిమిది హత్యలు జరిగినా, ఎఫ్‌ఐఆర్ ఒక్కటైతే పట్టికలో పడేది ఒక్క కేసే. కింది కోర్టు తీర్పు వచ్చిన ఏడాది అది "శిక్ష పడిన" గడిలోకి వెళుతుంది. ఏడేళ్ల తర్వాత హైకోర్టులో అందరూ బయటికొచ్చినా, అప్పీళ్ల ఫలితం రాయడానికి ఆ పట్టికలో గడి లేదు. నిందితులు బయటపడిన కేసులన్నీ తప్పుడువే అనేవాళ్ల తర్కం ప్రకారమైతే, 2014 ఏప్రిల్ నుంచి చుండూరు కూడా తప్పుడు కేసు కావాలి. ఎనిమిది శవాల ముందు నిలబడి ఆ మాట ఎవరూ అనలేరు. శాతం వెనక దాక్కుని మాత్రం తేలిగ్గా అనేస్తున్నారు.

కోర్టులో కేసు ఓడిపోవడానికి దారులు అనేకం. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. కింది స్థాయి అధికారి చేశాడని తేలితే కేసు బలహీనపడుతుంది. కులధ్రువీకరణ పత్రం ఫైలులో పెట్టకపోయినా అంతే. సాక్షులు అదే ఊళ్లో, చాలాసార్లు నిందితుల పొలాల్లోనే కూలికి పోయేవాళ్లు. నాలుగేళ్ల తర్వాత బోనెక్కి "నాకేమీ తెలియదు" అనడానికి వాళ్లకు వంద కారణాలుంటాయి. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తారు. అవతలివాళ్లు పెట్టిన కౌంటర్ కేసు ఎత్తేయించుకోవడం కోసం బాధితుడు తన కేసు వదులుకుంటాడు. ఇవన్నీ చివరికి పట్టికలో ఒకే గడిలో, "విడుదల" అనే మాట కింద చేరతాయి. కేసు వీగిపోవడం వెనక దర్యాప్తు లోపాలు కూడా ఉంటాయని 2019లో సుప్రీంకోర్టు ధర్మాసనమే ఒప్పుకుంది. తప్పుడు ఫిర్యాదు ఇవ్వడం మనిషి బలహీనతే తప్ప దాన్ని కులానికి అంటగట్టకూడదని కూడా చెప్పింది.

"తప్పుడు" అని రాసేది ఎవరు?

5,347 అనే అంకె సంగతి దీనికి వేరు. ఇది కోర్టులు తేల్చింది కాదు. దర్యాప్తు ముగించేటప్పుడు పోలీసులు వేసే తుది నివేదికల లెక్క. ఛార్జిషీటు వేయకుండా కేసు మూసేయడానికి ఎన్‌సీఆర్‌బీ ఫారంలో కొన్ని గడులుంటాయి. కేసు తప్పుడుదని ఒకటి. పొరపాటుపడ్డారని లేదా సివిల్ తగాదా అని ఒకటి. నేరం నిజమే గానీ సాక్ష్యం చాలలేదని లేదా నిందితులు దొరకలేదని ఒకటి. ఏ గడిలో టిక్కు పెట్టాలో దర్యాప్తు అధికారే నిర్ణయిస్తారు.

భూమి విషయంలో దెబ్బలాట జరిగి, కులం పేరుతో తిట్టి కొట్టారని దళిత రైతు ఫిర్యాదు చేశాడనుకుందాం. దాన్ని "సివిల్ తగాదా" అని మూసేయడం ఎంత తేలికో ఈ కేసులతో తిరిగిన ఎవరికైనా తెలుసు. మూసేసిన నివేదిక మీద కోర్టులో అభ్యంతరం చెప్పే హక్కు ఫిర్యాదుదారుకు ఉంది. 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ బాధితుల మాట వినాలని స్పష్టంగా చెబుతోంది. కానీ నోటీసు చేతికందక, అందినా అర్థంకాక, లాయరును పెట్టుకునే స్తోమత లేక చాలా కేసులు అక్కడే ఆగిపోతాయి. ఒకవేళ అభ్యంతరం నెగ్గి కేసు మళ్లీ తెరుచుకున్నా, అచ్చయిపోయిన పాత ఏడాది పట్టికలో "తప్పుడు" అంకె అలాగే ఉంటుంది.

సారాంశం రాసేటప్పుడు ఈ గడులు కలిసిపోతాయి. 2022 నివేదిక గురించి వచ్చిన వార్తల్లో ఎస్సీ కేసుల్లో 60.38 శాతం ఛార్జిషీటు దాకా వెళ్లాయని, 14.78 శాతం "తప్పుడు ఫిర్యాదు లేదా సాక్ష్యం లేకపోవడం వంటి కారణాలతో" మూతపడ్డాయని రాశారు. ఆ "లేదా" దగ్గర ఆగి చూడాలి. తప్పుడు ఫిర్యాదు అంటే ఫిర్యాదుదారు అబద్ధమాడాడని. సాక్ష్యం దొరకలేదంటే దర్యాప్తు చేసినవాళ్లు తేలేకపోయారని. ఒకటి బాధితుడి మీద ఆరోపణ, రెండోది పోలీసుల వైఫల్యం కావచ్చు. రెండింటినీ ఒకే శాతంలో కలిపాక, ఆ 14.78 మొత్తం "తప్పుడు కేసుల" ఖాతాలోనే పడుతుంది.

ఏ రాష్ట్రం మంచిది?

ఎన్‌సీఆర్‌బీ నివేదిక వచ్చిన రోజు పత్రికల్లో రంగుల పటం వస్తుంది. ఏ రాష్ట్రంలో దళితులపై నేరాలు ఎక్కువో ఎరుపు, తక్కువో లేతరంగు. 2022లో ఎక్కువ కేసులు 15,368తో ఉత్తరప్రదేశ్‌లో నమోదయ్యాయి. తర్వాత రాజస్థాన్ 8,752, మధ్యప్రదేశ్ 7,733. అదే లక్ష మంది ఎస్సీ జనాభాకు ఎన్ని కేసులు అని లెక్కేస్తే రాజస్థాన్ 71.6, మధ్యప్రదేశ్ 68.2, ఉత్తరప్రదేశ్ 37.2. ఎవరికి ఏ రాష్ట్ర ప్రభుత్వాన్ని తిట్టాలని ఉంటే వాళ్లు ఆ అంకె ఎత్తుకుంటారు. రెండూ నిజమే.

పటంలోని లేతరంగు దగ్గర ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. పశ్చిమ బెంగాల్‌లో 2 కోట్ల 14 లక్షల మంది ఎస్సీలున్నారు. అక్కడ ఏడాదికి నమోదయ్యే కేసులు వంద దరిదాపుల్లో ఉంటున్నాయి. అంటే లక్షకు అర కేసు. జనాభాలో దాదాపు 32 శాతం దళితులున్న పంజాబ్‌లో రేటు రెండు దరిదాపులు. 30 లక్షల మంది ఎస్సీలున్న కేరళలో ఏడాదికి వెయ్యి దాకా కేసులు, రేటు 30 పైన. ఈ పటాన్ని నమ్మితే దళితులకు బెంగాల్ స్వర్గం, కేరళ ఉత్తరప్రదేశ్‌కు పొరుగూరు.

ఇక్కడ కొలుస్తున్నది నేరాన్ని కాదు, నమోదును. ఫిర్యాదు చేసే ధైర్యం, తీసుకునే స్టేషన్, వెంటబడే సంఘం ఉన్నచోట అంకె పెరుగుతుంది. మూడూ లేనిచోట అంకె పడుకుంటుంది. మన రెండు రాష్ట్రాల్లో కలిపి ఏటా నాలుగు వేల అటూ ఇటూగా నమోదవుతున్న కేసుల వెనక కారంచేడు, చుండూరు తర్వాత నాలుగు దశాబ్దాలుగా ఊరూరా పనిచేసిన ఉద్యమం ఉంది. ఆ అంకె తగ్గితే సంతోషించాలా భయపడాలా అన్నది అంకె ఒక్కటీ చూసి చెప్పలేం.

పెరుగుదల శాతాలూ అంతే. 2023 నివేదిక 2025 సెప్టెంబర్ చివరలో వచ్చింది. ఎస్సీలపై నేరాలు 57,582 నుంచి 57,789కి చేరాయి, పెద్ద మార్పు లేదు. ఎస్టీలపై నేరాలు 10,064 నుంచి 12,960కి, అంటే 28.8 శాతం పెరిగాయి. దేశమంతటా ఆదివాసులపై దాడులు పెరిగాయని శీర్షికలు వచ్చాయి. లోపల చూస్తే మణిపూర్‌లో కేసులు ఒకటి నుంచి 3,399కి పెరిగాయి. దేశంలో మొత్తం పెరుగుదల 2,896. అంటే మణిపూర్‌ను పక్కన పెడితే మిగతా దేశంలో నమోదు సుమారు 500 తగ్గింది. 28.8 అనే జాతీయ సగటు రెండు సంగతులను ఒకేసారి కప్పేసింది: ఒక్క రాష్ట్రాన్ని కుదిపేసిన ఘోరాన్ని, మిగతాచోట్ల నమోదు ఎందుకు తగ్గిందన్న ప్రశ్నను.

ఈ రేట్ల గురించి ఇప్పుడే గుర్తుపెట్టుకోవలసిన విషయం మరొకటుంది. ఎస్సీ, ఎస్టీల నేరాల రేటుకు హారం ఇప్పటికీ 2011 జనాభా లెక్కే. దేశంలో 20 కోట్ల 14 లక్షల మంది ఎస్సీలు అన్న అంకెతోనే 2023లో 28.7 అని లెక్కేశారు. 2027 జనగణన లెక్కలు వచ్చాక హారం మారుతుంది. ఉదాహరణకు ఎస్సీ జనాభా అయిదో వంతు పెరిగిందనుకుంటే, కేసులు ఒక్కటి కూడా తగ్గకుండానే 28.7 కాస్తా 24 దగ్గరికి పడిపోతుంది. ఆ రోజు ఏదో ఒక ప్రభుత్వం "దళితులపై నేరాల రేటు తగ్గించాం" అని ప్రకటన ఇస్తుంది. అప్పుడు మన దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి.

మన నినాదాల్లోని అంకె

కుదించిన అంకెలు వాడేది అవతలివాళ్లే అనుకోవద్దు. "ప్రతి తొమ్మిది నిమిషాలకు ఒక దళితుడిపై దాడి" అని మనం పోస్టర్లు వేస్తాం. ఏడాదిలోని నిమిషాలను 57,789తో భాగిస్తే తొమ్మిదే వస్తుంది, లెక్క సరైనదే. వినగానే గుండెకు తగులుతుంది కూడా. కానీ అందులో "ఒక దళితుడు" అన్న మాట తప్పు. అవి ఎఫ్‌ఐఆర్‌లు. ఒక పేట మొత్తాన్ని తగలబెట్టినా ఎఫ్‌ఐఆర్ ఒకటే కావచ్చు. ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే, వాటిలో అన్నింటికన్నా తీవ్రమైన నేరం కిందే దాన్ని లెక్కించడం ఎన్‌సీఆర్‌బీ పద్ధతి. పైగా స్టేషన్ గడప దాటని ఫిర్యాదులు ఇందులో లేవు. మన పోస్టరే మన నష్టాన్ని తక్కువ చేసి చెబుతోంది.

దీనికి మించిన ఉదాహరణ "సున్నా". 2021లో కేంద్రం పార్లమెంటులో, చేతులతో మలం ఎత్తే పని వల్ల మరణాలేవీ నమోదు కాలేదని చెప్పింది. అదే సందర్భంలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 941 మంది చనిపోయారనీ చెప్పింది. రెండు వాక్యాలూ ఎలా కుదిరాయి? 2013 చట్టంలో "మాన్యువల్ స్కావెంజర్" నిర్వచనం వేరు, "ప్రమాదకరమైన శుభ్రత పని" నిర్వచనం వేరు. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక చనిపోయినవాళ్లను రెండో పెట్టెలో వేశారు కాబట్టి మొదటి పెట్టె ఖాళీ. సున్నా మాత్రమే విన్నవాళ్లకు సమస్య తీరిపోయినట్టే. సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏళ్ల తరబడి చనిపోయినవాళ్లను ఒక్కొక్కరిగా లెక్కపెడుతూ రాకపోయి ఉంటే, ఆ సున్నాను నిలదీసే ఆధారం కూడా దొరికేది కాదు.

మనం అడగాల్సిన లెక్క

శాతాలను తిట్టి వదిలేస్తే లాభం లేదు. అంకెలు లేకపోతే పోలీసు మాటే మిగులుతుంది. మనకు కావలసింది ఇంకో రకం అంకె.

ఇప్పటి పట్టికలు ఒక్కో ఏడాదిని అడ్డంగా కోసి చూపిస్తాయి: ఈ ఏడాది ఇన్ని నమోదయ్యాయి, ఇన్ని ముగిశాయి. నమోదైనవీ ముగిసినవీ ఒకే కేసులు కావు. దానికి బదులు ఒక ఏడాది ఎఫ్‌ఐఆర్‌లను పట్టుకుని చివరిదాకా నడవాలి. ఉదాహరణకు ఒక జిల్లాలో 2019లో నమోదైన అట్రాసిటీ కేసులు ఎన్ని? వాటిలో 60 రోజుల్లో ఛార్జిషీటు పడినవి ఎన్ని? "తప్పుడు" అని, "సివిల్ తగాదా" అని, "సాక్ష్యం లేదు" అని మూసినవి విడివిడిగా ఎన్ని? మూసిన సంగతి బాధితులకు రాతపూర్వకంగా తెలిపింది ఎన్నింటిలో? సాక్షులు ఎదురు తిరిగినవి ఎన్ని, రాజీ అయినవి ఎన్ని? బాధితుల మీద కౌంటర్ కేసులు పెట్టినవి ఎన్ని? పరిహారం పూర్తిగా అందింది ఎంతమందికి? ఇవాళ్టికీ కోర్టులో ఉన్నవి ఎన్ని? ఇలా లెక్కగడితే "తప్పుడు కేసులు" అనే పెద్ద మూట విడిపోయి, ఏ మెట్టు మీద ఎవరు కేసును కిందికి తోశారో కనబడుతుంది.

ఈ లెక్క అడిగే చోటు చట్టంలోనే ఉంది. 1995 నిబంధనల్లో 17వది ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. 16వ నిబంధన ప్రకారం ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ ఏటా జనవరిలో, జులైలో కలవాలి. చట్టం 21వ సెక్షన్ ప్రకారం కేంద్రం ఏటా పార్లమెంటు ముందు నివేదిక పెట్టాలి. జిల్లా కమిటీలో దళిత సంఘాల ప్రతినిధులు సభ్యులుగా ఉంటారు. సమావేశంలో "ఈ త్రైమాసికంలో ఇన్ని కేసులు, ఇంత పరిహారం" అని రెండు వాక్యాల కాగితం చదివి టీ ఇచ్చి పంపించే తీరు మారాలంటే, సభ్యులు పై ప్రశ్నలను రాతలో ఇచ్చి, జవాబులను మినిట్స్‌లో ఎక్కించమని పట్టుబట్టాలి. కమిటీలో చోటు లేనివాళ్లకు సమాచార హక్కు చట్టం ఉంది. ఒక మండలం, ఒక ఏడాది ఎంచుకుని మొదలుపెట్టినా చాలు.

ఇది లాయర్ల కోసమో పరిశోధకుల కోసమో చెబుతున్న మాట అనుకోవద్దు. 2018లో ఆ 15,638 కేసుల లెక్క తీర్పులోకి వెళ్లినప్పుడు, దాని పక్కన పెట్టడానికి ఇలాంటి లెక్క దేశంలో ఎక్కడా సిద్ధంగా లేదు. అందుకే బాధితులు ఆ శాతానికి జవాబు రోడ్డెక్కి చెప్పాల్సి వచ్చింది, కొందరు ప్రాణాలిచ్చి చెప్పాల్సి వచ్చింది. చట్టం దుర్వినియోగం అవుతోందనే వాదన మళ్లీ ఏదో ఒక కోర్టు ముందుకు తప్పకుండా వస్తుంది, చేతిలో ఇదే శాతంతో వస్తుంది. ఆలోపు ప్రతి జిల్లాలో కనీసం ఒక ఏడాది కేసులనైనా చివరిదాకా లెక్కగట్టి ఉంచుకోవాలి.